కేసు షీటులో లేని గడి: పిల్లల ఇంటెన్సివ్ కేర్, శ్వాసవ్యాధులు, సామాజిక కారణాల చరిత్ర (1952–2020)

వ్యాససంగ్రహం

ఇంటెన్సివ్ కేర్ అనే వైద్యవ్యవస్థ ఊపిరి అందని రోగుల పడకల దగ్గర పుట్టింది. 1952లో కోపెన్‌హాగెన్ పోలియో విపత్తు దానికి నాంది పలికింది. అదే ఏడాది డిసెంబరులో లండన్‌ను కమ్మిన పొగమంచు గాలిని శుభ్రపరిచే చట్టానికి దారి తీసింది. ఊపిరి ఆగిపోతున్నప్పుడు నిలబెట్టే వైద్యం ఒక దారిన, ఊపిరి చెడకుండా కాపాడే ప్రజారోగ్యం మరొక దారిన నడిచాయి. పిల్లల ఇంటెన్సివ్ కేర్ శరీరాన్ని అంకెలలో కొలవడంలో అసాధారణమైన ప్రగతి సాధించింది. పిల్లవాడు ఏ ఇంటి నుంచి, ఏ గాలి నుంచి, ఎంత దూరం నుంచి వచ్చాడన్న విషయం మాత్రం ఆ అంకెలలో చేరలేదు. ఆ విషయం తిరిగి వైద్యదృష్టిలోకి వచ్చిన క్రమాన్ని గొరోకా, గడ్చిరోలి, ఢాకా, మలావీ, సిన్సినాటి, లండన్ అనుభవాల ద్వారా పరిశీలించి, తెలుగు ప్రాంతానికి దాని ప్రాసంగికతను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పిల్లల ఇంటెన్సివ్ కేర్, నిమ్ము, ఉబ్బసం, సామాజిక కారణాలు, వాయుకాలుష్యం, వైద్యచరిత్ర, మరణకారణ ధ్రువీకరణ.

1. ఉపోద్ఘాతం

పసిపిల్లలకు నిమ్ము చేసినప్పుడు తెలుగు పల్లెల్లో తల్లులు 'డొక్కలు ఎగరేస్తున్నాడు' అంటారు. ఊపిరి పీల్చుకునేటప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి పోవడాన్ని చెప్పే మాట ఇది. వైద్యశాస్త్రం తీవ్రమైన నిమ్మును గుర్తించడానికి ఎంచుకున్న ముఖ్యమైన లక్షణం కూడా ఇదే. తల్లి చూసిన లక్షణం, వైద్యుడు నమోదు చేసిన లక్షణం ఇక్కడ ఒకటే. అయితే తల్లికి ఆ లక్షణంతో పాటు మరికొన్ని విషయాలు తెలుసు: వంటింటి పొగ, పైకప్పు చెమ్మ, ఒకే గదిలో పడుకునే మనుషుల సంఖ్య, ఆసుపత్రికి బయలుదేరేముందు డబ్బు కోసం వెతికిన గంటలు. ఇవి కేసు షీటులోకి చేరడం అరుదు.

ఈ లోపాన్ని వైద్యుల నిర్లక్ష్యంగా చెప్పి ఊరుకోవడం సరికాదు. దానికి ఒక చరిత్ర ఉంది. ఇంటెన్సివ్ కేర్ ఏ పరిస్థితిలో పుట్టింది, దేన్ని కొలవడానికి అలవాటు పడింది, ఆ కొలత ఎవరి అవసరం కోసం రూపొందింది అన్న ప్రశ్నలకు సమాధానం దొరికితే, ఏ విషయం ఎందుకు నమోదు కాలేదో కూడా అర్థమవుతుంది. ఈ వ్యాసం 1952 నుంచి 2020 వరకు ఆ క్రమాన్ని పరిశీలిస్తుంది.

2. 1952: రెండు నగరాలు, రెండు దారులు

1952 వేసవిలో కోపెన్‌హాగెన్ నగరాన్ని పోలియో చుట్టుముట్టింది. రోగుల్లో ఎక్కువమంది పిల్లలు. నగరంలోని అంటువ్యాధుల ఆసుపత్రి బ్లెగ్డమ్‌లో హెన్రీ లాసెన్ ప్రధాన వైద్యుడు. శ్వాసకండరాలు చచ్చుబడిన రోగులకు ఊపిరి ఆడించడానికి ఆ ఆసుపత్రిలో ఒక ఇనుప ఊపిరితిత్తి యంత్రం, ఛాతీకి తొడిగే కవచం వంటి చిన్న యంత్రాలు ఆరు మాత్రమే ఉన్నాయి. శ్వాస దెబ్బతిన్న తొలి 31 మంది రోగుల్లో 27 మంది చనిపోయారు.

ఆగస్టు చివర లాసెన్ మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్‌ను సంప్రదించాడు. శస్త్రచికిత్స గదిలో మత్తులో ఉన్న రోగికి గొట్టం ద్వారా, చేతితో నొక్కే సంచి ద్వారా ఊపిరి అందించడం ఇబ్సెన్‌కు నిత్యకృత్యం. ఆ పద్ధతినే పోలియో వార్డుకు తీసుకురావచ్చని అతడు వాదించాడు. ఆగస్టు 27న పన్నెండేళ్ల బాలికకు గొంతు వద్ద రంధ్రం చేసి, గొట్టం అమర్చి, సంచి నొక్కుతూ ఊపిరి అందించారు. మరణం అంచున ఉన్న ఆ బాలిక ప్రాణాలతో బయటపడింది. ఆ తర్వాత యంత్రాల కొరతను మనుషుల చేతులు తీర్చాయి. సుమారు 1,500 మంది విద్యార్థులు వంతుల వారీగా పిల్లల పక్కన కూర్చుని సంచులు నొక్కారు. ఒక దశలో ఒకేసారి 70 మంది రోగులు చేతితో అందించే ఊపిరి మీదే బతికారు. మరణాల నిష్పత్తి గణనీయంగా పడిపోయింది. మరుసటి ఏడాది ఇబ్సెన్ కోపెన్‌హాగెన్‌లోనే మరొక ఆసుపత్రిలో అన్ని రకాల ప్రాణాపాయ రోగులకు ప్రత్యేక విభాగం ఏర్పాటు చేశాడు. ఆధునిక ఇంటెన్సివ్ కేర్‌కు చరిత్రకారులు చెప్పే ఆరంభబిందువు ఇదే.

చరిత్రలో ఈ ఘట్టాన్ని సాంకేతిక విజయంగా చెప్పడం పరిపాటి. కానీ అక్కడ కొత్త యంత్రమేదీ లేదు. ఉన్న జ్ఞానాన్ని ఒక వార్డు నుంచి మరొక వార్డుకు తరలించడం, వందలాది మంది యువతీయువకులను రాత్రింబవళ్లు పడకల పక్కన నిలపడం, ఆ శ్రమకు నగరం పూచీ వహించడం అక్కడ జరిగాయి. అంటే ఇంటెన్సివ్ కేర్ మొదటి రూపమే ఒక సామాజిక ఏర్పాటు.

అదే ఏడాది డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్ మీద బొగ్గుపొగ కలిసిన మంచు కదలకుండా నిలిచింది. ఆ రోజుల్లో, ఆ వెంటనే సుమారు 4,000 అదనపు మరణాలు సంభవించాయని నాటి అధికారిక అంచనా. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య 12,000 వరకు ఉండవచ్చన్నారు. ఎక్కువగా నష్టపోయినవారు వృద్ధులు, పసిపిల్లలు. దీని ఫలితంగా 1956లో బ్రిటన్ పార్లమెంటు స్వచ్ఛమైన గాలి చట్టం చేసింది. పట్టణాల్లో పొగ నియంత్రణ ప్రాంతాలు ఏర్పడ్డాయి.

కోపెన్‌హాగెన్ ఆసుపత్రి లోపలి సమాధానాన్ని ఇచ్చింది. లండన్ ఆసుపత్రి వెలుపలి సమాధానాన్ని ఇచ్చింది. రెండింటి కేంద్రమూ ఊపిరే. కానీ ఆ తర్వాతి దశాబ్దాల్లో మొదటిది వైద్యకళాశాలల్లో ప్రత్యేక శాఖగా ఎదిగింది. రెండవది పురపాలక, పర్యావరణ శాఖల పనిగా మిగిలింది. రెండింటి దస్తావేజులు వేరు, నిపుణులు వేరు, పదజాలం వేరు.

3. పిల్లల ఇంటెన్సివ్ కేర్ ఆవిర్భావం

పిల్లలకు ప్రత్యేకంగా ఇంటెన్సివ్ కేర్ విభాగాన్ని 1955లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో యోరన్ హాగ్లుండ్ ప్రారంభించాడు. అమెరికాలో 1967లో జాన్ డౌన్స్ ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఇటువంటి విభాగాన్ని నెలకొల్పాడు. వీరిద్దరూ మత్తువైద్యం నుంచి వచ్చినవారే. ఊపిరిగొట్టం, రక్తంలో ప్రాణవాయువు కొలత, నిరంతర పర్యవేక్షణ ఈ కొత్త శాఖకు పునాదిరాళ్లయ్యాయి.

ఆ కాలపు సాంకేతిక పరిమితికి 1963 ఆగస్టులో జరిగిన ఒక మరణం సాక్ష్యం. అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీ కుమారుడు ప్యాట్రిక్ నెలలు నిండకుండా పుట్టి, ఊపిరితిత్తులు పరిణతి చెందకపోవడం వల్ల రెండు రోజులకే మరణించాడు. దేశంలోని ఉత్తమ వైద్యం, అపారమైన అధికారం ఆ బిడ్డకు అందుబాటులో ఉన్నాయి. కానీ ఆ వ్యాధికి అప్పటికి వైద్యం లేదు. ఎనిమిదేళ్ల తర్వాత, 1971లో జార్జ్ గ్రెగరీ బృందం ఊపిరితిత్తుల్లో నిరంతరం కొద్దిపాటి పీడనాన్ని నిలిపే పద్ధతిని ప్రకటించింది. తీవ్రస్థితిలో ఉన్న 20 మంది శిశువుల్లో 16 మంది బతికారు. 'సీపాప్' అనే పేరుతో ఆ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది.

ఈ రెండు సంవత్సరాల మధ్య ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. 1963లో ఆ వ్యాధి ముందు అధ్యక్షుని బిడ్డకూ కూలీ బిడ్డకూ పెద్ద తేడా లేదు. 1971 తర్వాత తేడా మొదలైంది. వైద్యం ఉన్న చోటికి చేరగలిగిన బిడ్డ బతుకుతుంది, చేరలేని బిడ్డ చనిపోతుంది. 1995లో సామాజికశాస్త్రవేత్తలు బ్రూస్ లింక్, జో ఫెలన్ దీన్నే సిద్ధాంతంగా ప్రతిపాదించారు. డబ్బు, జ్ఞానం, పలుకుబడి వంటి వనరులు ఉన్నవారు ప్రతి కొత్త వైద్యాన్నీ ముందుగా అందుకుంటారు కాబట్టి, వ్యాధులు మారినా, చికిత్సలు మారినా అసమానత మాత్రం కొత్త రూపంలో కొనసాగుతుందని వారి వాదన. అంతకుముందే 1971లో వేల్స్ వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్, వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే అది తక్కువగా దొరుకుతుందని సూత్రీకరించాడు. పిల్లల ఇంటెన్సివ్ కేర్ విస్తరణను ఈ రెండు ప్రతిపాదనల వెలుగులో చూడవలసి ఉంటుంది.

4. అంకెలలో శరీరం, అంకెలకు అందని ఇల్లు

విభాగాల సంఖ్య పెరిగిన కొద్దీ వాటి పనితీరును పోల్చవలసిన అవసరం వచ్చింది. ఒక విభాగంలో మరణాలు ఎక్కువగా ఉంటే, అక్కడి వైద్యం లోపభూయిష్టమా, లేక అక్కడికి వచ్చే పిల్లలే మరింత విషమస్థితిలో వస్తున్నారా? ఈ ప్రశ్నకు సమాధానంగా 1988లో అమెరికాలో ముర్రే పొల్లాక్ బృందం 'ప్రిజమ్' అనే మరణప్రమాద సూచికను ప్రకటించింది. రక్తపోటు, గుండె వేగం, శ్వాస వేగం, రక్తంలోని వాయువులు, కంటిపాప స్పందన వంటి 14 శారీరక కొలతల ఆధారంగా అది ప్రమాదాన్ని లెక్కిస్తుంది. 1997లో ఆస్ట్రేలియా వైద్యుడు ఫ్రాంక్ షాన్, సహచరులతో కలిసి 'పిమ్' అనే మరింత సరళమైన సూచికను రూపొందించాడు. పిల్లవాడు చేరిన తొలి గంటలోని 8 అంశాలు దానికి చాలు.

ఈ సూచికల్లో తల్లి చదువు లేదు, కుటుంబ ఆదాయం లేదు, వంటింటి పొగ లేదు, ప్రయాణించిన దూరం లేదు. దీన్ని లోపంగా ఎత్తిచూపేముందు అందులోని తర్కాన్ని గుర్తించాలి. సూచిక ఉద్దేశం ఆసుపత్రుల పనితీరును సమంగా తూచడం. పేదరికాన్ని ప్రమాదకారకంగా లెక్కలో చేర్చితే, పేదబిడ్డ మరణం 'ఊహించిన మరణం'గా మారిపోతుంది. పేదపిల్లలు ఎక్కువగా చనిపోయే విభాగం కూడా సగటు విభాగంగా కనిపిస్తుంది. అంటే పేదరికాన్ని లెక్కలో చేర్చడం వల్ల అసమానతకు మన్నింపు దొరికే ప్రమాదం ఉంది. ఆ అర్థంలో సూచికలు దాన్ని వదిలిపెట్టడం న్యాయమే.

చిక్కు మరొక చోట వచ్చింది. పోలిక కోసం తయారైన సూచిక క్రమంగా రోగిని వర్ణించే ప్రధానభాషగా మారింది. పరిశోధనాపత్రాల్లో మొదటి పట్టిక వయసు, బరువు, రోగనిర్ధారణ, సూచిక విలువలతో నిండింది. తూకం నుంచి సకారణంగా తప్పించిన అంశాలు వర్ణన నుంచి అకారణంగా తప్పిపోయాయి. తూకం వేరు, కారణాన్వేషణ వేరు. మొదటిదానికి అక్కరలేనిది రెండవదానికి అత్యవసరం కావచ్చు. ఈ రెండు పనులకూ ఒకే పట్టిక వాడడంతోనే కేసు షీటులో ఇంటికి గడి లేకుండా పోయింది.

'పిమ్' రూపకర్త ఫ్రాంక్ షాన్ వృత్తిజీవితం ఈ సందర్భంలో విశేషమైనది. మెల్‌బోర్న్ ఇంటెన్సివ్ కేర్‌కు రాకముందు అతడు పనిచేసిన చోటు పాపువా న్యూగినీలోని గొరోకా. అక్కడి అనుభవం పూర్తిగా వేరైన మరొక కొలతకు జన్మనిచ్చింది.

5. నిమ్మును లెక్కించిన చేతులు

గొరోకా వంటి కొండప్రాంతంలో ఎక్స్‌రే, రక్తపరీక్ష అందని ఆరోగ్య కార్యకర్త ఏ దగ్గు మామూలుదో, ఏ దగ్గు నిమ్మో ఎలా గుర్తించాలి? 1984లో షాన్, సహచరులు దీనికి సమాధానం ప్రచురించారు. నిమిషానికి 50కి మించిన శ్వాసవేగం ఉంటే మందు ఇవ్వాలి, డొక్కలు ఎగరేస్తుంటే ఆసుపత్రిలో చేర్చాలి. కన్ను, గడియారం ఉంటే చాలు. ఈ ఆలోచన ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్వాసవ్యాధుల కార్యక్రమానికి ఆధారమైంది. వయసును బట్టి శ్వాసవేగపు హద్దులను తరువాత సవరించారు.

దీన్ని గ్రామం చేతికి అప్పగించిన ప్రయోగం తెలంగాణకు పొరుగున జరిగింది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ప్రాణహిత, గోదావరి తీరాల్లో తెలంగాణను ఆనుకుని ఉంది. ఆ జిల్లాలోని సిరొంచ ప్రాంతంలో తెలుగు మాట్లాడే జనం గణనీయంగా ఉన్నారు. 1986 నుంచి అక్కడ పనిచేస్తున్న అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గ్రామ కార్యకర్తలకు, మంత్రసానులకు నిమ్మును గుర్తించడం, మాత్రలు, మందు ఇవ్వడం నేర్పారు. లెక్కపెట్టడం రాని మంత్రసానుల కోసం పూసలు, ఇసుక గడియారం కలిసిన సాధనం తయారైంది. 1990లో 'లాన్సెట్' పత్రికలో వెలువడిన ఫలితాల ప్రకారం, ఈ పద్ధతి అమలైన గ్రామాల్లో అయిదేళ్లలోపు పిల్లల్లో నిమ్ము మరణాలు వెయ్యికి 8.1 కాగా, పోలికకు తీసుకున్న గ్రామాల్లో 17.5. ఆసుపత్రి పడక ఒక్కటి కూడా పెరగకుండానే ఈ తేడా సాధ్యమైంది.

అయితే అన్ని నిమ్ములూ మాత్రలతో తగ్గవు. ఊపిరి అందించే సాయం కావలసిన పిల్లల మాటేమిటి? ఢాకాలోని అంతర్జాతీయ అతిసార వ్యాధుల పరిశోధన కేంద్రంలో మొహమ్మద్ జోబాయెర్ చిష్తీ ఈ ప్రశ్నను చేపట్టాడు. ఖరీదైన వెంటిలేటర్‌కు బదులు, నీళ్లు నింపిన మామూలు షాంపూ సీసాలో గొట్టం చివరను ముంచి, బుడగల ద్వారా పీడనం నిలిపే 'బబుల్ సీపాప్'ను అతడి బృందం పరీక్షించింది. 2015లో 'లాన్సెట్'లో ప్రచురితమైన ఈ ప్రయోగంలో మామూలు పద్ధతిలో ప్రాణవాయువు ఇచ్చిన పిల్లల్లో 15 శాతం చనిపోగా, బుడగల పద్ధతిలో 4 శాతం మాత్రమే చనిపోయారు. మేలు స్పష్టంగా కనిపించడంతో ప్రయోగాన్ని ముందుగానే ఆపివేశారు.

దీన్నిబట్టి షాంపూ సీసా ఉంటే చాలన్న నిర్ణయానికి రావడం తొందరపాటు. 2019లో మలావీలోని ఒక జిల్లా ఆసుపత్రిలో జరిగిన ప్రయోగం వెలువడింది. అక్కడి పిల్లల్లో పోషకాహార లోపం, హెచ్‌ఐవీ, ప్రాణవాయువు తీవ్రంగా పడిపోవడం వంటి అదనపు ప్రమాదాలున్నాయి. ఢాకా పరిశోధనాసుపత్రిలో ఉన్నంత వైద్యపర్యవేక్షణ అక్కడ లేదు. ఫలితం తలకిందులైంది. బుడగల పద్ధతిలో 17 శాతం, మామూలు ప్రాణవాయువుతో 11 శాతం మరణాలు నమోదయ్యాయి.

చరిత్రాధ్యయనంలో ఈ రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చదవాలి. పరికరపు సూత్రం ఒకటే, వ్యాధి పేరు ఒకటే. మారినవి పడక పక్కన నిలిచే మనుషుల సంఖ్య, వారి శిక్షణ, పిల్లల శరీరాల్లో అప్పటికే చేరిన పేదరికం. 1952లో కోపెన్‌హాగెన్‌లో సంచికి ప్రాణం పోసినవి 1,500 మంది చేతులు. ఆ చేతులు లేని చోట పరికరం ఒంటరిదవుతుంది.

6. ఇంటి తలుపు తట్టిన వైద్యం

నిమ్ము పేదదేశాల వ్యాధి, ఉబ్బసం సంపన్నదేశాల వ్యాధి అన్న విభజన కూడా నిలిచేది కాదు. సంపన్నదేశాల్లోనూ ఇంటెన్సివ్ కేర్ వరకు వచ్చే ఉబ్బసం పేద కాలనీలను వెతుక్కుంటూ వెళుతుంది.

1993లో బోస్టన్ నగర ఆసుపత్రిలో పిల్లల వైద్యశాఖ అధిపతి బారీ జుకర్‌మన్ తన శాఖలో ఒక న్యాయవాదిని నియమించుకున్నాడు. మందులు సక్రమంగా వాడినా పిల్లలకు ఆయాసం తగ్గకపోవడానికి గోడల బూజు, ఎలుకలు, బొద్దింకలు కారణమైనప్పుడు మందుచీటీ కన్నా ఇంటి యజమానికి వెళ్లే న్యాయపరమైన నోటీసు బాగా పనిచేస్తుందన్నది అతడి ఆలోచన. వైద్య–న్యాయ భాగస్వామ్యం పేరుతో ఈ పద్ధతి ఇతర నగరాలకు వ్యాపించింది. సిన్సినాటి పిల్లల ఆసుపత్రి 2008లో స్థానిక న్యాయసహాయ సంస్థతో కలిసి దీన్ని చేపట్టింది. ఆండ్రూ బెక్ బృందం రోగుల చిరునామాలను పరిశీలించినప్పుడు ఒకే యజమానికి చెందిన భవనసముదాయాల పేర్లు మళ్లీ మళ్లీ కనిపించాయి. విడివిడి కేసు షీట్లలో విడివిడి వ్యాధులుగా ఉన్నవి పక్కపక్కన పెడితే ఒకే పైకప్పు కథ అయ్యాయి.

అదే నగరం నుంచి 2019లో వెలువడిన మరొక పరిశోధన పిల్లల ఇంటెన్సివ్ కేర్ వినియోగాన్ని నివాసప్రాంతాల పేదరికంతో పోల్చింది. పేదరికం ఎక్కువగా ఉన్న ప్రాంతాల పిల్లలు ఇంటెన్సివ్ కేర్‌లో గడిపిన రోజుల రేటు స్పష్టంగా ఎక్కువ. ఇంగ్లండ్, వేల్స్ విభాగాల వివరాలను 2002 నుంచి సేకరిస్తున్న 'పికానెట్' అనే జాతీయ నమోదు వ్యవస్థ ఆధారంగా 2009లో వచ్చిన అధ్యయనం కూడా, వెనుకబడిన ప్రాంతాల పిల్లలు ఎక్కువగా ఈ విభాగాల్లో చేరుతున్నారని చూపింది. ఈ అధ్యయనాలన్నింటికీ ఆధారం నిరాడంబరమైన ఒక వివరం: చిరునామా. బిల్లు పంపడానికో, ఉత్తరం రాయడానికో రాసుకున్న చిరునామాయే పరిశోధకుల చేతిలో సామాజిక సాక్ష్యమైంది.

7. 2020: మరణకారణంగా గాలి

1952లో విడిపోయిన రెండు దారులు కలిసిన చోటు మళ్లీ లండనే. నగరపు ఆగ్నేయభాగంలోని లూయిషామ్‌లో, రద్దీగా ఉండే సౌత్ సర్క్యులర్ రహదారికి అతి సమీపంలో నివసించిన ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా అనే తొమ్మిదేళ్ల బాలిక 2013 ఫిబ్రవరిలో తీవ్రమైన ఉబ్బసంతో మరణించింది. అంతకుముందు మూడేళ్లలో ఆమె 25 కన్నా ఎక్కువసార్లు ఆసుపత్రిలో చేరింది. 2014లో జరిగిన తొలి విచారణ, తీవ్రమైన ఉబ్బసం వల్ల కలిగిన శ్వాసవైఫల్యమే మరణకారణమని తేల్చింది. వైద్యపరంగా అందులో తప్పులేదు. అసంపూర్ణత మాత్రం ఉంది.

ఆమె తల్లి రోసమండ్ ఆ నిర్ణయంతో ఆగలేదు. శ్వాసవ్యాధుల నిపుణుడు స్టీఫెన్ హోల్గేట్ కాలుష్యపు కొలతలను ఆ బాలిక ఆసుపత్రి చేరికలతో పోల్చి 2018లో నివేదిక ఇచ్చాడు. 2019లో హైకోర్టు పాత నిర్ణయాన్ని రద్దు చేసింది. 2020 డిసెంబరు 16న విచారణాధికారి ఫిలిప్ బార్లో మూడు వరుసల్లో మరణకారణం నమోదు చేశాడు: శ్వాసవైఫల్యం, తీవ్రమైన ఉబ్బసం, వాయుకాలుష్యానికి గురికావడం. కాలుష్యం చట్టబద్ధమైన పరిమితిని మించినప్పటికీ తగ్గించే చర్యలు తీసుకోలేదని, ప్రమాదం గురించి తల్లికి సమాచారం అందలేదని కూడా పేర్కొన్నాడు. బ్రిటన్‌లో ఒక వ్యక్తి మరణకారణాల్లో వాయుకాలుష్యం ఈ విధంగా చేరడం అదే మొదటిసారి.

ఈ నిర్ణయం కొత్త రోగాన్ని కనుగొనలేదు. ధ్రువపత్రంలో అప్పటికే ఉన్న ఒక వరుసను నింపింది. అంతర్జాతీయ మరణకారణ పత్రం తక్షణకారణంతో ఆగమని చెప్పదు. దానికి దారితీసిన పూర్వకారణాన్ని, ఆ పూర్వకారణానికి మూలాన్ని వరుసగా రాయమంటుంది. వైద్యులు ఆ వరుసలను శరీరం లోపలి కారణాలకే పరిమితం చేయడం అలవాటే తప్ప నియమం కాదని 2020 నిర్ణయం తేటపరిచింది.

8. తెలుగు నేలపై రెండు పథకాలు

కోపెన్‌హాగెన్, లండన్ దారుల విభజనను పోలినది తెలుగు ప్రాంతంలోనూ కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం మొదలైంది. పొదుపు సంఘాల మహిళలకు వంటగ్యాసు కనెక్షన్లు ఇవ్వడం దాని లక్ష్యం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేద కుటుంబాలకు ఖరీదైన ఆసుపత్రి వైద్యాన్ని ప్రభుత్వ ఖర్చుతో అందించే ఆ పథకంలో, తీవ్రమైన నిమ్ముకు పిల్లలకు వెంటిలేటర్ చికిత్స కూడా చేరింది. మొదటిది వంటింటి పథకం, రెండవది ఆసుపత్రి పథకం. ఒకే పసివాడి ఊపిరితో రెండింటికీ సంబంధం ఉన్నా, ఒకదాని ఫలితాన్ని రెండవదాని లెక్కల్లో చూసే ఏర్పాటు వాటి రూపకల్పనలో భాగం కాలేదు.

వంటింటి గాలిని కొలిచిన తొలి పెద్ద పరిశోధనల్లో ఒకటి ఇక్కడే జరిగింది. కల్పనా బాలకృష్ణన్ బృందం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల్లో 400కు పైగా గ్రామీణ గృహాల్లో కొలతలు తీసుకుని 2004లో ఫలితాలు ప్రచురించింది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే సన్నని ధూళి గ్యాసు వాడే ఇళ్లలో రోజువారీ సగటున ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు ఉండగా, కట్టెలు, పిడకలు వంటి ఇంధనాలు వాడే ఇళ్లలో 732 వరకు పెరిగింది. పొయ్యి దగ్గర కూర్చునే తల్లి ఒడిలోని బిడ్డ పీల్చేది ఆ గాలినే.

అయితే పొయ్యి మార్చితే నిమ్ము పోతుందన్న సరళమైన ముగింపును ఆధారాలు సమర్థించవు. భారతదేశం (తమిళనాడు) సహా నాలుగు దేశాల్లో జరిగిన 'హాపిన్' ప్రయోగంలో గర్భిణులున్న ఇళ్లకు గ్యాసు పొయ్యి, ఇంధనం ఉచితంగా ఇచ్చారు. 2024లో వెలువడిన ఫలితాల్లో ఏడాదిలోపు శిశువుల తీవ్రమైన నిమ్ములో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. పొగ హానికరం కాదని దీని అర్థం కాదు. పోషణ, టీకాలు, ఇరుకు గది, వీధిలోని పొగ, ఆసుపత్రికి దూరం కలగలిసిన చోట ఒక్క కారణాన్ని విడదీసి తొలగిస్తే మిగిలినవి తమ పని చేస్తూనే ఉంటాయని అర్థం. సామాజిక కారణాలను ఒక్కొక్కటిగా కాక, అవి కలిసి పనిచేసే తీరులో అధ్యయనం చేయాలన్న హెచ్చరిక ఇందులో ఉంది.

1969 జనన మరణాల నమోదు చట్టం కింద భారతదేశంలో వాడే వైద్యధ్రువీకరణ పత్రంలో కూడా తక్షణకారణం, పూర్వకారణం, ఇతర ముఖ్యస్థితులు అన్న వరుసలున్నాయి. లండన్ విచారణలో నిండిన వరుస ఇక్కడి పత్రంలోనూ ఉంది. దాన్ని నింపాలంటే పడక దగ్గరే నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకోవాలి: ఇంట్లో వంట దేనిమీద? ఒక గదిలో ఎందరు పడుకుంటారు? ఆయాసం మొదలైన ఎన్ని గంటలకు మొదటి వైద్యుణ్ణి చూశారు? ఇక్కడికి చేరేముందు ఎన్ని ఆసుపత్రులు తిరిగారు? వీటికి యంత్రం అక్కరలేదు. గొరోకాలో గడియారం, గడ్చిరోలిలో పూసలు చేసిన పనిని ఇక్కడ ఈ ప్రశ్నలు చేయగలవు.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ణయాలకు రావచ్చు. మొదటిది, ఇంటెన్సివ్ కేర్ పుట్టుకలోనే సామాజికమైనది. దాన్ని కేవలం యంత్రాల చరిత్రగా రాయడం అసంపూర్ణం. రెండవది, మరణప్రమాద సూచికలు సామాజిక అంశాలను వదలడానికి సహేతుకమైన కారణం ఉంది. వాటిని సూచికలో చేర్చడం కాక, సూచిక పక్కన విడిగా నమోదు చేయడమే సరైన మార్గం. అప్పుడు పేదరికం మరణానికి సాకుగా మారదు, కారణంగా కనిపిస్తుంది. మూడవది, ఢాకా, మలావీ ప్రయోగాల భేదం తెలిపినట్లు, ఒక చోట ప్రాణం నిలిపిన పద్ధతి మరొక చోట ఫలించడం అక్కడి మనుషులు, సంస్థల మీద ఆధారపడి ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో ఏళ్ల తరబడి పోగుపడిన పిల్లల కేసు షీట్లు వైద్యచరిత్రకారులకూ సామాజికశాస్త్ర పరిశోధకులకూ విలువైన ఆకరాలు. వాటిలో కనీసం ఊరి పేరు ఉంటుంది. సిన్సినాటిలో చిరునామాలను పక్కపక్కన పేర్చినట్లు ఆ ఊళ్ల పేర్లను పేర్చి చూస్తే, ఏ మండలాల నుంచి పిల్లలు ఆలస్యంగా వచ్చారో, ఏ వాడల నుంచి మళ్లీ మళ్లీ వచ్చారో తెలుస్తుంది. చరిత్ర, వైద్యం, సామాజికశాస్త్ర శాఖలు కలిసి చేపట్టదగిన పని అది. డొక్కలు ఎగరేస్తున్న బిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లి చెప్పే మాటల్లో వైద్యుడికి లక్షణం వినిపిస్తుంది. మిగిలిన మాటలు కూడా నమోదైనప్పుడే రేపటి పరిశోధకుడికి కారణం దొరుకుతుంది.